ట్రాన్సిస్టర్ల కాళ్ళు కత్తిరించే మనిషి

"ఉస్తాద్ పోయిండు దొరా," అన్నాడు సమ్మయ్య, షాపు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ.

"ఏ ఉస్తాద్?" అన్నాను.

సౌండు పనిలో ఆ పేరుతో పిలిపించుకున్నవాడు వరంగల్లో ఒక్కడే. అది సమ్మయ్యకు తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను. ఎవరైనా విడమరిచి చెప్తే తప్ప ఆ మనిషి గుర్తురానట్టు ఉండటం కొన్నేళ్ళుగా నాకు అలవాటు.

సమ్మయ్య హనుమకొండలో ఫంక్షన్ హాళ్ళకు మైకులూ స్పీకర్లూ పెట్టే కాంట్రాక్టరు. మెత్తని మనిషి. "పొద్దుగాల చాయ్ తాగి, కుర్చీల ఒరిగి, గట్లనే పోయిండట. మంచి సావు," అన్నాడు.

"మంచివి ఏరుకోవడం అతనికి మొదటినుంచీ వచ్చు," అన్నాను.

సమ్మయ్య నా ముఖంలోకి ఒకసారి చూసి, తెప్పించిన టీ సగంలో పెట్టేసి లేచిపోయాడు.

పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం ఆచారం. ఆ నాలుగూ ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. చెవి ఉన్న మనిషి, చేతిలో విద్య ఉన్న మనిషి, ఒకరి ముందు తల వంచని మనిషి, ఇంకోటేదో. అవన్నీ నిజమే. మిగిలినవి చెప్పడానికి ఎవరూ లేరు కనక నేను రాస్తున్నాను. వయసులో నాకన్నా పెద్దవాడు. 'ఆయన' అని రాయాలి. రాయను.

మట్టెవాడలో ఒక సందు చివర ఒక్క గది. అదే అతని షాపు. బోర్డు లేదు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉన్న ఒక్క కుర్చీలో అతను ఉండేవాడు. మిగతావాళ్ళు ఎంతటివాళ్ళైనా గుమ్మంలో నిలబడాలి. ఒక టెంట్ హౌస్ యజమాని, భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులవాడు, "ఒక కుర్చన్న ఎయ్యరాదు ఉస్తాద్" అని బతిమాలితే, "కుర్చేస్తె కూసుంటరు. కూసుంటె మాట్లాడ్తరు. నిలవడ్డోడైతే సంగతి జెప్పి పోతడు" అన్నాడు. పైకి అది పని తొందర. మా తాతగారి ముందు అతని తాత నిలబడేవాడు. ఆ సంగతి అతను మరచిపోలేదని, నన్ను ఆ గుమ్మంలో నిలబెట్టిన ప్రతిసారీ అతని ముఖం చూస్తే తెలిసేది.

ఎడమచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉండేది. కొత్తగా చూసినవాళ్ళు ఆ చేతికి ఏదో జబ్బు అనుకునేవారు. పిడికిట్లో ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. ఒంటి వేడికి అది ఎలా మారుతుందో చూడటానికి దాన్ని అలా పట్టుకుని, ఆ చేత్తోనే సైగలు చేస్తూ, ఆ పిడికిలినే మన ముఖం ముందు ఊపుతూ మాట్లాడేవాడు. కొడతాడేమో అనిపించేది. తరవాత పిడికిలి విప్పి, ట్రాన్సిస్టర్‌ను మీటరుకు తగిలించి, ముల్లు నచ్చకపోతే దాన్ని పారేసేవాడు కాదు. కట్టర్ తీసుకుని మూడు కాళ్ళూ మొదలంటా 'టిక్'మని కత్తిరించేవాడు. మొండెం ఒక పాత రేకు డబ్బాలో పడేది. ఆ డబ్బా నిండా కాళ్ళు లేని నల్ల పురుగుల్లా ఉండేవి అవి.

"పాడైపోయినవా?" అని నేను ఒకసారి అడిగాను.

"ఎందుకు పాడైతయ్? మంచిగనే ఉన్నయ్. నాకు నచ్చలె."

"మరి కోయడమెందుకు? ఇంకొకరికి పనికొస్తుంది కదా."

"నాకు పనికిరానిది ఇంకోనికెందుకు పనికిరావాలె చిన్నదొరా? వాడు పెడ్తడు, గుర్రుమంటది. జనం ఏమంటరు? ఉస్తాద్ షాపుకెల్లి తెచ్చిన మాల్ అంటరు."

యాభై దాటిన నన్ను అతను 'చిన్నదొరా' అనేవాడు. సమ్మయ్యలాంటివాళ్ళు దొరా అంటే నోటి అలవాటుతో అంటారు, అందులో ఎత్తిపొడుపు ఉండదు. ఇతను మాత్రం చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్న పిల్లవాణ్ణి పిలిచినట్టు పిలిచేవాడు. "మీ తాత దొర. మీ నాయిన సేటు. నువ్వు షాపోనివి," అని ఒకనాడు తీరికగా లెక్క చెప్పాడు. "ఇంకొక్క మెట్టే ఉన్నది కిందికి. పైలం."

మైకు పరీక్షించడానికి ఊళ్ళో అందరూ 'హలో, హలో' అంటారు. అతను అననిచ్చేవాడు కాదు. "నీ అయ్య పేరు జెప్పు" అనేవాడు. "హలో అంటె ఎవనికేం గాదు. అయ్య పేరు కాడ ఎవని గొంతన్న ఒక గీత లేస్తది, లేకపోతే పడ్తది. గది పట్టుకునుడే ఆంప్లిఫయర్ డబ్బ పని." మైకుసెట్టువాళ్ళు ఒక్కొక్కరే ఆ గుమ్మంలో నిలబడి, కొందరు నవ్వుతూ, కొందరు నీళ్ళు నములుతూ, తండ్రుల పేర్లు చెప్పి పోయేవారు. నేను వెళ్ళిన మొదటిరోజు నా చేతికీ మైకు ఇచ్చాడు. మా నాన్నగారి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. మీటరు ముల్లు ఎర్రగీత దాటింది.

"సూసినవా? గొంతు మేడెక్కింది," అన్నాడు. "మేడ లేదు గని, గొంతు మాత్రం ఎక్కుతాంది."

మేడ లేదన్నది నిజం. స్టేషన్ ఘన్‌పూర్ అవతల మాకు భూములుండేవి. నాన్నగారు వాటిని అమ్మి వరంగల్లో సినిమా హాలు కట్టారు. దాని నుదుటిమీద తాతగారి పేరు మనిషెత్తు సిమెంటు అక్షరాల్లో ఉండేది. నా హయాంలో హాలు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు దాన్ని ఫంక్షన్ హాలుగా మార్చారు. ఒక మధ్యాహ్నం కూలీలు పైకెక్కి సుత్తెలతో ఆ అక్షరాలు రాల్చారు. ఎదురుగా రోడ్డు మీద నిలబడి చివరి అక్షరం దాకా చూశాను. ఎవరూ పలకరించలేదు. నాకు మిగిలింది హాలు పక్కన రోడ్డు వైపున్న ఒక షట్టరు. అందులో ఆంప్లిఫయర్లు, మైకులు పెట్టుకుని కూర్చున్నాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. ఒకరి కింద పని చేయకుండా బతకడానికి ఆ చదువు సరిపోయింది.

అతని తండ్రి మా హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. అతను మా ఆపరేటరు గదిలో, మా ఆంప్లిఫయర్ల మీద, మా సోల్డరింగ్ ఐరన్‌తో విద్య నేర్చుకున్నాడు. ఈ వాక్యంలో 'మా' ఎన్నిసార్లు వచ్చిందో అతనుంటే వేళ్ళు ముడిచి లెక్కపెట్టేవాడు. పెట్టుకోనీ.

నేను ఆ గుమ్మం తొక్కడానికి కారణం సమ్మయ్య. ఒక పెళ్ళిళ్ళ సీజను ముగిశాక మా షాపుకు వచ్చి, "బయట దొరికే లిమిటర్ డబ్బలు అక్కరకు రాట్లేదు సార్," అన్నాడు. "డోలు కొట్టంగనే పంతులు గొంతు మింగుతానయ్. మళ్ళ తేలేసరికి మంత్రం అయిపోతాంది. మన ఊళ్ళెనే మంచియి చేస్తరా? పది హాళ్ళకు పెడ్త. మొదటిది గీ పక్క హాల్ల."

పక్క హాలు అంటే మా హాలు.

సమ్మయ్య వెళ్ళగానే కాగితం తీసి, చేయబోయే డబ్బా బొమ్మ గీశాను. డబ్బా ముందు భాగాన ఒక ఇత్తడి పలక. దానిమీద తాతగారి పేరు. గోడ మీదినుంచి రాల్చిన పేరు ఆ గోడల లోపలికి మళ్ళీ వెళ్తుంది. మైకు పట్టుకున్న ప్రతివాడి కళ్ళ ముందూ ఉంటుంది. ఇంకో తొమ్మిది హాళ్ళలో కూడా ఉంటుంది. నాకు కావలసింది అంతే, అంతకు మించి ఏమీ లేదు. సర్క్యూట్ గీయడం నాకు వచ్చు. కాని గీసినదాన్ని రొద లేకుండా బోర్డు మీద కూర్చోబెట్టే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. దాని కోసం వెళ్ళి నిలబడ్డాను.

ఆ డబ్బా చేసే పని చెప్పడానికి సులువే. మైకు ముందు ఒకరు గొణుగుతారు, ఒకరు అరుస్తారు. మంత్రం మెల్లగా ఉంటుంది, డోలు దెబ్బ పిడుగులా పడుతుంది. శబ్దం పెరిగిన క్షణంలోనే దాన్ని తగ్గించే చెయ్యి ఒకటి లోపల ఉండాలి. మనిషి చెయ్యి అంత వేగంగా కదలదు. అందుకని ఆ శబ్దంలోంచే చిన్న వోల్టేజి తీసి, ఒక ట్రాన్సిస్టర్‌కు ఇచ్చి, 'దీన్నిబట్టి గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించు, పెంచు' అని అప్పజెప్పాలి. ఏ రకం ట్రాన్సిస్టర్‌కు అప్పజెప్పాలన్నదే మా ఇద్దరి వైరం.

నాది బైపోలర్ పక్షం. ఒకే రకం బైపోలర్లు ఎక్కడ కొన్నా ఒకే సూత్రానికి కట్టుబడి ఉంటాయి. వాటిలోంచి పోయే కరెంటు రెట్టింపయితే గెయిన్ రెట్టింపు, సగమైతే సగం. కాగితం మీద వేసిన లెక్క బోర్డు మీద నిలబడుతుంది. రెండింటిని వీపులు ఆనించి అతికించి ఒకే వేడిలో ఉంచితే చాలు. పది డబ్బాలు చేస్తే పదీ ఒక్కలా ఉంటాయి.

అతనిది ఫెట్ పక్షం. ఫెట్ కూడా ట్రాన్సిస్టరే, కాని కుళాయి లాంటిది. వోల్టేజి చూపిస్తే బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. తనకోసం కరెంటు తీసుకోదు. దానితో శబ్దం మెత్తగా తగ్గుతుంది, అది నేను కాదనను. అయితే ఒకే ప్యాకెట్లోని రెండు ఫెట్లు ఒక్కలా ఉండవు. ఒకటి కొంచెం వోల్టేజికే మూసుకుపోతుంది, పక్కది రెండింతలు ఇచ్చినా కదలదు. మా డబ్బాలో రెండు మైకులు కలిసి తగ్గాలి, కలిసి లేవాలి. అంటే ఫెట్లను జోడీలుగా ఏరాలి. ఏరడమంటే అతనికి పండుగ. ఏరడం కాదు, కాదనడం.

చిన్న బల్బూ, వెలుతురుకు మారే రెసిస్టరూ పెట్టి చేసే మూడో పద్ధతి ఒకటుందని నేను అంటే, "బల్బు ముసలోడు. డోలు కొట్టుడు అయిపోయినంక లేస్తడు," అని తీసిపారేశాడు. అక్కడ మాత్రం ఇద్దరికీ ఒకే మాట.

"బైపోలర్ కూలిమనిషి చిన్నదొరా," అన్నాడు ఆ రోజు, పిడికిలి నా ముఖం ముందు ఊపుతూ. "బేస్‌ల కరెంటు పోస్తెనే పన్జేస్తది. గింత కూలి, గింత పని. ఫెట్ గట్ల గాదు. దానికేం ఇయ్యక్కర్లె. కన్నెర్ర జేస్తె చాలు, వంగుతది."

"అందుకేనా నీకు ఫెట్ నచ్చింది?"

"నాకెందుకు? నీకు నచ్చాలె గదా అంటాన. మీ ఇంట్ల అన్నీ ఫెట్లే ఉండె. మా తాత ఒక ఫెట్. మా నాయినమ్మ ఒక ఫెట్. కూలి లేదు, కరెంట్ లేదు. కన్నెర్ర జేస్తె వంగుడే."

నా వెనక ఇద్దరు మైకుసెట్టువాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాడు. వెట్టి గురించి పుస్తకాల్లో ఏమి రాశారో నాకూ తెలుసు.

"మా ఇంట్లో పని చేసినవాళ్ళెవరూ పస్తు పడుకోలేదు," అన్నాను.

"ఎవలు గూడ అడగలె గదా," అన్నాడు. "ఫెట్ అడగది. అదే దాని గుణం."

వెనక ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అతను వాడివైపు తిరిగి, "నవ్వితె నవ్వు, దగ్గకు. మైకు ఆన్ల ఉన్నది," అన్నాడు.

ఆ మాటతోనే నేను వెనక్కి తిరిగి రావలసింది. హాలు లోపలికి ఆ పేరు వెళ్ళాలి కనక రాలేదు. సమ్మయ్య మధ్యలో పడి ఒక తీర్పు చెప్పాడు. రెండు డబ్బాలు చేద్దాం. ఒకటి నా లెక్కతో బైపోలర్‌ది, ఒకటి అతని ఏరికతో ఫెట్‌ది. మా పాత హాల్లోనే రెండూ వింటాడు. ఏది నచ్చితే అలాంటివి పది. ఏది నెగ్గినా పైన పలక నాదే. అతను ఒప్పుకున్నాడు. "పలకకు చప్పుడుండది, పెట్టుకో," అన్నాడు.

అతను కోరిన రకం ఫెట్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చేవి వేరే వేటినో గీకి, పైన ఆ నంబరు అచ్చువేసినవి. అసలువి మాత్రం ఒక ప్యాకెట్ నా దగ్గర ఉంది. నాన్నగారి కాలంలో హాలు స్పేర్ల కోసం తెప్పించింది, సీలు కూడా విప్పనిది. హాలు అమ్మినరోజు నేను చేత్తో పట్టుకుని బయటికి తెచ్చుకున్న వస్తువులు చాలా తక్కువ. వాటిలో అదొకటి. దాన్ని తీసుకెళ్ళి అతని బల్లమీద పెట్టాను.

"పది జోడీలు ఏరు. మిగిలినవి నాకు తిరిగి ఇవ్వాలి. దేన్నీ కోయకు," అన్నాను.

"ఊఁ," అన్నాడు. అప్పటికే సీలు విప్పుతున్నాడు.

ఆ నెలలో ఒక్కసారి మా షాపుకు వచ్చాడు, నేను అతికించిన బైపోలర్ జోడీ చూడటానికి. మా షాపులో కుర్చీలున్నాయి. తాతగారి టేకు కుర్చీ కూడా ఉంది. కూర్చోమన్నాను. దాని చేతుల మీది చెక్కడం వేలితో తడిమి చూశాడు. "వద్దు. గిండ్ల కూసుంటె మా అయ్య కలలకొచ్చి తిడ్తడు," అని నిలబడే ఉన్నాడు. నా లెక్క కాగితం మొత్తం చదివాడు. నేను ఎదురుచూస్తున్నాను. "లెక్క మంచిగున్నది. తప్పు లేదు," అన్నాడు. గడప దాటాక అక్కణ్ణుంచే, "కని లెక్కకు చెవులుండయ్," అన్నాడు. ఒక మంచి మాట పూర్తిగా మన చేతికి రానివ్వకపోవడం అతని పద్ధతి.

మే నెల, ముహూర్తం లేని ఒక మధ్యాహ్నం. సమ్మయ్య ఒక డోలాయనను పిలిపించాడు. హాల్లో ఏసీ వేయలేదు. ఖాళీ కుర్చీల మధ్య గాలి కదలకుండా ఉంది. ఒక మైకు డోలు ముందు, ఒక మైకు సమ్మయ్య చేతిలో. చదవడానికి మంత్రాలు రావు కనక సమ్మయ్య జేబులోంచి ఎవరిదో పెళ్ళిపత్రిక తీసి చదవడం మొదలుపెట్టాడు.

ముందు నా డబ్బా. సమ్మయ్య గొంతు స్పష్టంగా వస్తోంది. డోలు లేచింది. గొంతు మునగలేదు. కాని దెబ్బ పడిన ప్రతిసారీ వెనక ఒక 'గుప్'. దుప్పటి దులిపినట్టు. నా జోడీలో ఒకటి ఆ వేడికి వెంట్రుకవాసి పక్కకు జరిగింది, అంతే. ప్రీసెట్ అనే సర్దుబాటు మరను పావుచుట్టు తిప్పితే పోతుంది. స్క్రూడ్రైవర్ తీశాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"పెండ్లిల గూడ స్క్రూడ్రైవర్ పట్టుకోని నిలవడ్తవా? ఉన్నదున్నట్టు ఇననియ్యి."

తరవాత అతని డబ్బా. సమ్మయ్య పత్రిక చదువుతున్నాడు. డోలాయన మొదట జంకుతూ, తరవాత జంకు వదిలి, చివరికి తన ఊరి జాతరలో కొట్టినట్టు కొట్టాడు. ఏదీ చిట్లలేదు. ఏదీ మునగలేదు. సమ్మయ్య కావాలని గుసగుసగా 'బంధుమిత్రుల అభినందనలతో' అన్నది కూడా, డోలు పక్కన, చెవిలో చెప్పినట్టు వినిపించింది. మా హాలు గోడల మధ్య అంత శుభ్రమైన శబ్దం నాన్నగారి కాలంలో కూడా లేదు. ఇది రాయకపోతే మిగతాది రాసే హక్కు నాకుండదు.

"ఖతమ్," అన్నాడు సమ్మయ్య. "గిదే. ఇసొంటియి పది గావాలె ఉస్తాద్."

నేను సంచిలోంచి ఇత్తడి పలక తీశాను. నా డబ్బా ఓడిపోయింది. పోనీ. పలక గెలిచింది. అతను దాన్ని నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టి, తాతగారి పేరు పైకి చదివాడు.

"అచ్చరాలు మంచిగ కొట్టిండు," అన్నాడు. తరవాత సమ్మయ్య వైపు తిరిగాడు. "పది యాడియి? జోడి ఒక్కటే ఎల్లింది."

"ప్యాకెట్ నిండా ఉన్నాయి కదా," అన్నాను.

"ఉండె."

"ఉండె అంటే?"

"ఏరిన. పొద్దుగాల సల్లకు కుదిరినయి మధ్యాన్నం ఎండకు కుదరలె. ఎండకు నిలవడ్డయి సల్లకు నిలవడలె. రెండిట్ల గూడ కలిసి నడిచిన జోడి గిదొక్కటే. మిగిలినయి కోసేసిన."

డోలాయన తాళ్ళు బిగించడం ఆపేశాడు.

"కోయవద్దని చెప్పాను."

"చెప్పినవ్. గలీజు మాల్ ఉంచుకోని ఏం జేస్త?"

"అది మా ప్యాకెట్! ప్రీసెట్ పెట్టి సర్దితే అందులోంచి పది జోడీలూ వచ్చేవి. ఏ ఇంజనీరైనా అదే చేస్తాడు."

"వచ్చేటియి. కట్టెకాలు బెట్టి నడిపిచ్చినట్టు," అన్నాడు. గొంతు కొంచెం కూడా పెంచలేదు. "గసొంటి డబ్బ నా చేతులకెల్లి బయటికి పోవద్దు. పైన మీ తాత పేరుంటది, నిజమే. కని గుర్రుమంటె ఊరోల్లు మీ తాతను తిట్టరు. చేసినోడు ఎవడో వాళ్ళకు ఎరుకే."

అతని పేరు ఏ పలక మీదా లేదు. ఏ గోడ మీదా లేదు. దాన్ని కాపాడుకోవడానికి నా పేరును కోసి రేకు డబ్బాలో వేశాడు. సమ్మయ్య, "ఉస్తాద్, జర సర్దుకో. పది కాకుంటె అయిదన్న," అని బతిమాలుతూనే ఉన్నాడు. అతను వినలేదు. పలకను నా చేతిలో పెట్టాడు.

"గిదొక్కటి తీసుకో చిన్నదొరా. పలక బిగించుకో, గోడకు పెట్టుకో. ఉన్నది ఒక్క హాలు, ఒక్క డబ్బ చాలు గదా."

అది అతను నాకు చేయబోయిన మేలు. గేటు దగ్గర టికెట్లు చింపినవాడి కొడుకు మా హాల్లో నిలబడి మా తాతగారి పేరుకు చోటు ఇస్తున్నాడు. పలకను సంచిలో పెట్టేశాను. "అక్కర్లేదు," అన్నాను. అతను ఇంకోసారి అడగలేదు. డబ్బాను తువ్వాలలో చుట్టి, చంకలో పెట్టుకుని, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

వారం తరవాత సమ్మయ్య నా బైపోలర్ డబ్బా తిరిగి తెచ్చి ఇచ్చాడు. ప్రీసెట్ సరిచేశాను, గుప్పుమనడం పూర్తిగా పోయింది. అయినా, "ఏమనుకోకు సార్. గది ఇన్నంక గిది ఇంటాంటె చెవుల ఇసుక పోసినట్టున్నది," అన్నాడు. చివరికి బయటినుంచి డిజిటల్ డబ్బాలు తెప్పించుకున్నాడు. ఆ పది హాళ్ళలో ఇప్పుడు అవే ఉన్నాయి. మంత్రాలు మునుగుతూనే ఉన్నాయి. ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆ తరవాత అతన్ని ఒక్కసారే చూశాను. హనుమకొండలో దవాఖానాలన్నీ ఉండే రోడ్డు మీద, చెవి మిషన్లు అమ్మే షాపు బయట, ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. చెవి వెనక కొత్త ప్లాస్టిక్ మిషన్ ఒకటి. రోడ్డు దాటి అవతలికి పోదామనుకున్నాను. ఒక ఆటో అడ్డం వచ్చి ఆగింది.

"చిన్నదొరా! ఆగాగు. నువ్వే గావాలె," అన్నాడు.

నేను కావాలని అతను అనడం అదే మొదలు.

"చెవులు పోయినయ్. గీ మిషిన్ ఇచ్చిండ్రు. దీంట్ల గూడ లిమిటర్ ఉన్నదంటాండ్రు. ఎట్ల పట్టుకుంటాందో సూడాలె. లోపట మేడంను గట్టిగ ఒర్రుమంటె నవ్వుతాంది. నువ్వు జర తిట్టు."

"ఏమని?"

"ఏదన్న గని. మనసుల ఉన్నయే తిట్టు, నీకు తొందరగొస్తయ్. మెల్లగ షురు జేసి గట్టిగకు పో."

సంచి కింద పెట్టాను. మెల్లగానే మొదలుపెట్టాను. సీలు విప్పని ప్యాకెట్ దగ్గర. తరవాత గుమ్మం, కుర్చీ లేని గది, మైకుసెట్టువాళ్ళ ముందు అన్న మాటలు. మా ఉప్పు తిన్న ఇంట్లో పుట్టి మా పేరు కోసిన చెయ్యి. సుత్తెలతో అక్షరాలు రాల్చిన కూలీలు నయం, వాళ్ళకు ఆ పేరు చదవడం రాదు, నీకు వచ్చు, చదివి మరీ కోశావు. మా ఇంట్లో రోడ్డు మీద గొంతెత్తి మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. నేను ఎత్తాను. ఆటోవాడు ఇంజను ఆపేశాడు. మందుల షాపు దగ్గర జనం ఇటు తిరిగారు. పదిమందిలో ఆ మనిషికి చెప్పవలసింది ఒక్కటీ మిగలకుండా చెప్పాను.

అతను కళ్ళు మూసుకుని, మిషన్ ఉన్న చెవి నా వైపు పెట్టి, చివరిదాకా కదలకుండా విన్నాడు. తరవాత కళ్ళు తెరిచాడు.

"పట్టుకునుడు లేటుగున్నది," అన్నాడు. "గట్టిగైనప్పుడు మొదటి మాట చెవుల కొడ్తాంది. ఆ ఎనుకకెల్లి అన్నీ ఒక్క ఎత్తే. నువ్వు ముందుగాల మెల్లగ అన్నదీ, ఆఖరుకు ఒర్రిందీ ఒక్కతీరుగనే ఇనవడ్డయ్. చెత్త మాల్. ఎవడూ ఏరలె దీన్ని."

"నేనన్న మాటలు విన్నావా లేదా?"

"మాటలా?" అన్నాడు. ఆశ్చర్యం నిజమైనదే. "మాటలు నేను సూడలె."

చెవి వెనక మిషన్‌ను వేలితో సర్దుకున్నాడు.

"మల్లొక్కసారి అను. గీసారి గట్టిగ షురు జేసి మెల్లగకు రా. పట్టుకునుడు సూసిన, ఇగ ఇడిసిపెట్టుడు ఎట్లున్నదో సూడాలె."

నేను సంచి తీసుకుని, ఆగి ఉన్న ఆటోలోనే ఎక్కాను. వరంగల్ పోనిమ్మన్నాను. మలుపు తిరిగేదాకా అతను ఆ ఫుట్‌పాత్ మీదే, కళ్ళు మూసుకుని, చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తూ ఉన్నాడు. అతను అడిగింది ఇవ్వకుండా నేను తిరిగి వచ్చింది ఆ ఒక్కసారే.